సోమశిల మీదుగా శ్రీశైలం: లాంచీ ఎవరు ఎక్కాలి, కారు ఎవరు నడపాలి

ప్రశ్న: మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. నేను, మావారు ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. పాప ఏడో తరగతి, బాబు ఒకటో తరగతి. డిసెంబరులో ఒక శనివారం సొంత కారులో సోమశిల వెళ్లి, అక్కడి నుంచి లాంచీలో శ్రీశైలం చేరాలని మావారి ఆలోచన. పొద్దున నాలుగింటికి బయలుదేరితే సోమశిల, సంగమేశ్వరం గుడి చూసుకుని, మధ్యాహ్నం లాంచీ ఎక్కి, సాయంత్రం దర్శనం చేసుకుని, రాత్రికి రాత్రి ఇంటికి వచ్చేయవచ్చంటున్నారు. మా అత్తయ్యకు 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఆవిడ పుట్టిన ఊరు కొల్లాపూర్ వైపు ఉండేది. శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునిగిపోయింది. మల్లన్న అంటే ఆవిడకు ప్రాణం. కానీ లాంచీ మాట ఎత్తగానే ‘నేను బస్సులో వస్తాలే, మీరు రండి’ అంటుంది. ఎందుకని అడిగితే మాట మార్చేస్తుంది. ‘ఒకసారి ఎక్కితే ఆ భయం అదే పోతుంది’ అని మావారు అంటారు. ఆవిడను ఒప్పించి ఎక్కించాలా? ఇవన్నీ ఒక్క రోజులో అవుతాయా? పిల్లలకు లాంచీ ప్రయాణం సేఫేనా? నాకు టెన్షన్‌గా ఉంది. (పేరు రాయవద్దని కోరారు)

సమాధానం: మీవారి ప్లాన్ సంగతి మొదట తేల్చేద్దాం. ఒక్క రోజులో కాదు. ఎంత తెల్లవారుజామున లేచినా కాదు. ఆ ప్లాన్‌లో నాలుగు చోట్ల చిక్కుంది, నాలుగూ ఇంట్లో కూర్చుంటే కనిపించనివే.

మొదటిది సంగమేశ్వరం. డిసెంబరులో ఆ గుడి ఉండేది నీళ్ల అడుగున. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. మట్టం దానికన్నా బాగా పడిపోతే గానీ సంగమేశ్వరుడి గుడి శిఖరం బయటికి రాదు. ఇంకా తగ్గితేనే గర్భగుడిలోకి వెళ్లి ఆ వేప మొద్దు శివలింగాన్ని చూడగలం. అది మామూలుగా ఎండాకాలంలోనే జరుగుతుంది. లాంచీ నడవాలంటేనేమో జలాశయం నిండుగా ఉండాలి. అంటే గుడి కనిపించే రోజుల్లో లాంచీ ఉండదు, లాంచీ తిరిగే రోజుల్లో గుడి కనిపించదు. ‘ఇదిగో, గుడి ఇక్కడే’ అని పడవవాళ్లు నీళ్లను చూపిస్తారు, అంతే. ఒకే ట్రిప్పులో రెండూ చూడాలని వెళ్లి నిరాశపడేవాళ్లు ఎందరో ఉంటారు. మీరు ఈసారికి సంగమేశ్వరాన్ని పక్కన పెట్టేయండి. దాని గురించి చివర్లో మళ్లీ చెబుతాను, ఎందుకంటే మీ అత్తగారి విషయంలో అది అవసరపడుతుంది.

రెండోది సమయం. సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీ ఉదయమే కదులుతుంది. నీటి మీద ఆరేడు గంటలు పడుతుంది. మధ్యాహ్నం ఎక్కి సాయంత్రం దర్శనానికి అందుకోవడం జరగని పని. పైగా అది రోజూ తిరిగే సర్వీసు అనుకోవద్దు. నీటిమట్టం, బుకింగ్‌లు చూసుకుని తెలంగాణ పర్యాటక శాఖ తేదీలు ప్రకటిస్తుంది. ముందు లాంచీ తేదీ ఖాయం చేసుకోండి, సెలవులు, గదులు దాన్నిబట్టి చూసుకోవచ్చు. చాలామంది దీన్ని తిరగేసి చేసి అవస్థ పడతారు. టికెట్‌లో శ్రీశైలం గది, దర్శనం కలిసి ఉండవన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

మూడోది కారు. మీరంతా సోమశిలలో లాంచీ ఎక్కేస్తే కారు రేవులోనే ఉండిపోతుంది కదా! శ్రీశైలంలో దిగాక మీ చేతిలో బండి ఉండదు. రానూపోనూ లాంచీ టికెట్ తీసుకుంటే మర్నాడు మళ్లీ అదే నీళ్ల మీద, అదే ఆరేడు గంటలు వెనక్కి రావాలి. ఒకటో తరగతి పిల్లాడికి మొదటి మూడు గంటలు పండగలాగే ఉంటుంది. రెండో రోజు కూడా అదే అంటే వాడు ఊరుకోడు, మిమ్మల్నీ కుదురుగా ఉండనివ్వడు.

నాలుగోది అడవి గేటు. శ్రీశైలం నుంచి హైదరాబాద్ వచ్చే దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్యలోంచి పోతుంది. రాత్రి తొమ్మిదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా ఆ రోడ్డు మీద బండ్లను వదలరు. అటవీ చెక్‌పోస్ట్ దగ్గరికి తొమ్మిది దాటాక వచ్చిన కార్లు తెల్లారేదాకా ఆగాల్సిందే. ‘చిన్నపిల్లలున్నారు, పెద్దావిడ ఉంది’ అని ఎంత బతిమాలినా గేటు తీయరు, తీయకూడదు కూడా. ఆ వేళ రోడ్డు దాటే జంతువుల కోసమే ఆ నియమం. సాయంత్రం లాంచీ దిగి, క్యూలో నిలబడి దర్శనం చేసుకుని, తొమ్మిదిలోగా అడవి దాటడం ఎవరి వల్లా కాదు.

ఇక నన్ను అడిగితే ఇలా చేయండి. శుక్రవారం ఇద్దరూ సగం రోజు సెలవు పెట్టి, మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరండి. హైదరాబాద్ నుంచి సోమశిల 180 కిలోమీటర్ల పైచిలుకు. మీరు దిల్‌సుఖ్‌నగర్ నుంచి కాబట్టి తుక్కుగూడ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా వెళ్లడం సుళువు. మధ్యలో టీకి ఆగినా నాలుగు, నాలుగున్నర గంటల్లో చేరతారు. ఆ రాత్రి సోమశిలలోనే పర్యాటక శాఖ కాటేజీల్లో ఉండండి. అవి దొరక్కపోతే పది కిలోమీటర్ల దూరంలో కొల్లాపూర్ ఉంది, అక్కడ లాడ్జీలు దొరుకుతాయి. మహబూబ్‌నగర్ జిల్లా ఎకో టూరిజం సర్క్యూట్ అని 2015-16లో స్వదేశ్ దర్శన్ పథకం కింద కేంద్రం డబ్బిచ్చింది. సోమశిల, సింగోటం, అక్కమహాదేవి గుహలు, ఈగలపెంట, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం అన్నీ అందులో ఉన్నవే. ఆ పథకం వచ్చాకే సోమశిలలో రాత్రి ఉండడానికి వసతి కుదిరింది. తెల్లవారుజామున నిద్రకళ్లతో కారు నడిపే అవసరం కూడా తప్పుతుంది.

శనివారం పొద్దున మీరూ పిల్లలూ లాంచీ ఎక్కండి. మీవారు వాళ్లమ్మను కారులో కూర్చోబెట్టుకుని రోడ్డు మీదుగా శ్రీశైలం రావాలి. కొల్లాపూర్ నుంచి లింగాల, అచ్చంపేట, మన్ననూరు మీదుగా వస్తే పగటిపూట హాయిగా నాలుగు గంటల దారి. ఎక్కడైనా ఆగుతూ వచ్చినా మీ లాంచీ కన్నా ముందే వాళ్లు శ్రీశైలం చేరి, గది తీసుకుని, ఆవిడ కాసేపు నడుం వాల్చడానికి సమయం ఉంటుంది. మీరు దిగే వేళకు కారు రేవు దగ్గర సిద్ధంగా ఉంటుంది.

ఇలా చెబితే మీవారు కొంచెం నొచ్చుకోవచ్చు. లాంచీ ప్రయాణం కోరింది ఆయనే, తీరా ఆయనకే అది లేకుండా పోయింది. మీకు డ్రైవింగ్ వస్తే మీరు కారులో రండి, ఆయన పిల్లలతో లాంచీలో వస్తారు. అయినా ఆయనే కారులో రావాలని ఎందుకు అంటున్నానంటే, కారు కోసం మాత్రమే అనుకోవద్దు. ఆయన వాళ్లమ్మతో ఒంటరిగా నాలుగు గంటలు గడిపి ఎన్నాళ్లయిందో ఒకసారి అడిగి చూడండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. ‘ఎందుకని అడిగితే మాట మార్చేస్తుంది’ అన్నారు. నీళ్లంటే భయం ఉన్నవాళ్లు మాట మార్చరు. ‘అమ్మో, నాకు భయం, నేనెక్కను’ అని పైకే అనేస్తారు. మోకాళ్ల నొప్పులుంటే అదీ చెబుతారు. ఏదీ చెప్పకుండా, పైగా మిమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా, ‘మీరు రండి, నేను బస్సులో వస్తా’ అంటున్నారంటే ఆవిడ మనసులో ఉన్నది భయం కాకపోవచ్చు. ఆ లాంచీ వెళ్లేది వాళ్ల ఊరి మీదుగా.

మీకు, మీవారికి ఆ కథ ఎంతవరకు తెలుసో నాకు తెలియదు కాబట్టి కొంచెం చెబుతాను. శ్రీశైలం డ్యామ్‌కు 1963 జులైలో నెహ్రూ పునాదిరాయి వేశారు. కట్టడం ఏళ్ల తరబడి సాగింది. 1981లో నీళ్లు నింపే ముందు ఇటు మహబూబ్‌నగర్ జిల్లాలో, అటు కర్నూలు జిల్లాలో కలిపి సుమారు వంద ఊళ్లు ఖాళీ చేయించారు. పోవడానికి ఇష్టపడని చోట ఇళ్లు కూలగొట్టించారు. నష్టపరిహారం కోసం ఏళ్లకేళ్లు కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లున్నారు. ముంపు కుటుంబాల్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామని 1986లో జీఓ 98 వచ్చింది. ఆ ఉద్యోగాల కోసం ఎదురుచూసి వయసు మళ్లిపోయినవాళ్లు ఆ ప్రాంతంలో ఇప్పటికీ కనిపిస్తారు. మీ అత్తగారికి అప్పటికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. బహుశా పెళ్లయి వచ్చేసి ఉంటారు. పుట్టింటికి పోదామంటే పుట్టిల్లు లేదు, ఊరే లేదు. మన ఇళ్లల్లో ఆడవాళ్లకు పుట్టిల్లంటే ఏమిటో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలో, మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయారు. ఆ వైపు ఊళ్లలో చుట్టరికాలున్న ఇంటికి ఆ దుర్ఘటన పత్రికలో చదివి మరిచిపోయే వార్త కాదు. ఎవరో ఒక తెలిసిన మనిషి పోయి ఉంటారు. మీ అత్తగారి మౌనంలో ఇదీ ఉందేమో చెప్పలేం.

అందుకే ‘ఒకసారి ఎక్కితే అదే పోతుంది’ అన్న మాటను నేను ఒప్పుకోను. ఆవిడను ఒప్పించే ప్రయత్నం చేయవద్దు. పిల్లల చేత ‘నానమ్మా, రావా’ అని అడిగించవద్దు. అలా అడిగిస్తే ఆవిడ వచ్చేస్తారు, మన అమ్మలు అంతే. వచ్చి ఆరేడు గంటలు లోలోపల నలిగిపోతూ కూర్చుంటారు. ఇలాంటి లాంచీల్లో మైకు, సినిమా పాటలు, పిల్లల డాన్సులు మామూలే. మిగతావాళ్లకు అది సరదా. తన ఊరి మీదుగా పోతున్న మనిషికి ఆ పాటల మధ్య కూర్చోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఒప్పించవద్దన్నాను గానీ అడగవద్దనలేదు. అడగండి. కానీ ‘లాంచీ ఎందుకు ఎక్కవు’ అని కాదు. ఊరి గురించి అడగండి. ఇల్లు ఏ వీధిలో ఉండేది, మీ బావి నీళ్లు తియ్యగా ఉండేవా, ఏటికి ఎంత దూరం, జాతరకు ఎక్కడికి పోయేవాళ్లు, ఊరు ఖాళీ చేసిన రోజు మీ అమ్మ ఏం సర్దుకుంది అని అడగండి. ప్రయాణానికి వారం ముందే, ఏ సాయంత్రమో ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతుంటే పక్కన కూర్చుని అడిగితే చాలు. చెప్పాలనిపిస్తే చెబుతారు. అంతా విన్నాక ‘నేను కూడా లాంచీలో వస్తాను, ఎక్కడొస్తుందో చూస్తాను’ అని ఆవిడే అంటే అది వేరే సంగతి. అప్పుడు తీసుకెళ్లండి, పక్కన కొడుకు ఉండేలా చూడండి, కారుకు ఒక డ్రైవర్‌ను పెట్టుకోండి. ఆ నిర్ణయం మాత్రం ఆవిడది.

లాంచీ ఎక్కినా ఎక్కకపోయినా సోమశిలలో ఆవిడకు ఒక దర్శనం మాత్రం తప్పకుండా చేయించండి. శుక్రవారం సాయంత్రం చేరగానే లలితా సోమేశ్వరస్వామి ఆలయానికి తీసుకెళ్లండి. అక్కడ ద్వాదశ జ్యోతిర్లింగాల పేరుతో ఉన్న చిన్న చిన్న గుళ్లు కలిపి పదిహేను దాకా ఉంటాయి. అవి మొదటినుంచీ అక్కడ ఉన్నవి కావు. ముంపులోకి వెళ్లబోయే గుళ్లను విప్పి, రాళ్లను తెచ్చి, పైన మళ్లీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని (నీళ్లలో మునిగే ఆ సంగమేశ్వరం గుడి వేరు) అలంపురానికి అలాగే తరలించారు. ఊళ్లు తరలిపోలేదు గానీ ఆ దేవుళ్లు తరలివచ్చారు. చిన్నప్పుడు మీ అత్తగారు పాత చోట చూసిన గుళ్లే అవి కావచ్చు. గుడి మారలేదు, చోటు మారింది. ఆ రాళ్లను ఆవిడ గుర్తుపడితే మీ పిల్లలకు ఏ మ్యూజియంలోనూ దొరకని పాఠం అక్కడ దొరుకుతుంది. మెట్లు ఎక్కువ లేకుండా ఆలయం దాకా కారు వెళ్తుంది కాబట్టి మోకాళ్లకూ ఇబ్బంది ఉండదు.

ఇక పిల్లల భద్రత. డిసెంబరులో ఆ జలాశయం నిలకడగా ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది నిండు వరదలో. ఆ వరద, ఆ సుడులు ఈ కాలంలో కృష్ణ వెనుక జలాల్లో ఉండవు. పర్యాటక శాఖ లాంచీ పెద్దది, గట్టిది. అయినా లైఫ్ జాకెట్ విషయంలో రాజీ పడవద్దు. పిల్లల సైజు జాకెట్లు ఉన్నాయా అని బుక్ చేసేటప్పుడే అడగండి. పెద్దవాళ్ల జాకెట్ ఆరేళ్ల పిల్లాడికి తొడిగితే నీళ్లలో పడ్డప్పుడు అది తల మీంచి పైకి జారిపోతుంది, ఉన్నా లేనట్టే. అనుమానంగా ఉంటే హైదరాబాద్‌లోనే స్పోర్ట్స్ షాపులో బాబు కొలతకు ఒకటి కొనండి. జాకెట్ వేసుకున్నాక కాళ్ల మధ్య నుంచి వచ్చే క్రాచ్ పట్టీ కూడా కట్టాలి, చాలామంది దాన్ని వేలాడదీసి వదిలేస్తారు. ‘ఉక్కపోస్తోంది, తీసేస్తా’ అని వాడు అడుగుతాడు. ఏసీ క్యాబిన్‌లో ఉన్నప్పుడు కూడా తీయనివ్వవద్దు. పై డెక్ మీద రెయిలింగ్‌కు ఆనుకుని సెల్ఫీలు పాపకు కూడా వద్దనండి. లాంచీ తిరిగేటప్పుడు అందరూ ఫొటోల కోసం ఒకే వైపు చేరతారు, అప్పుడు మీరు మాత్రం కూర్చున్న చోటే ఉండండి.

సోమశిల రేవులో చిన్న మరబోట్లవాళ్లు ‘సంగమేశ్వరం దాకా తిప్పుకొస్తాం’ అని పిలుస్తారు. జాకెట్లు లేని పడవ, పది మందికని చెప్పి పద్దెనిమిది మందిని ఎక్కించే పడవ ఎక్కవద్దు. రేటు ఎంత తక్కువైనా వద్దు. సాయంత్రం గాలి లేచాక ఆ విశాలమైన నీటి మీద అలలు బాగానే వస్తాయి.

లాంచీలో భోజనం పెడతారు. అయినా బాబు కోసం పెరుగన్నం, పులిహోర లాంటివి స్టీలు డబ్బాల్లో పెట్టుకోండి. టోపీలు, కళ్లకు చలవ అద్దాలు, ఒక పల్చటి స్వెటర్ చాలు. సోమశిల వదిలిన కాసేపటికే సెల్ సిగ్నల్ పోతుంది, శ్రీశైలం దగ్గరికి వచ్చేదాకా నమ్మడానికి లేదు. ఎక్కడ, ఏ వేళకు కలుసుకోవాలో మీవారితో ముందే గట్టిగా అనుకోండి.

ప్రయాణం ఎలా ఉంటుందో రెండు మాటలు చెబుతాను. మొదట్లో అటూ ఇటూ దూరంగా ఒడ్లు, సముద్రం లాంటి నీళ్లు. అమరగిరి, చీమలతిప్ప దాటాక నల్లమల కొండలు దగ్గరికి వస్తాయి. అక్కడి నుంచి నది లోయలోకి దూరినట్టే. మలుపు తిరిగినప్పుడల్లా దారి మూసుకుపోయినట్టు ఉంటుంది, దగ్గరికి వెళ్లాక తెరుచుకుంటుంది. ఒడ్డున గుడిసెలు వేసుకుని, పుట్టి అనే గుండ్రటి పడవల్లో తిరుగుతూ చేపలు పట్టే కుటుంబాలు కనిపిస్తాయి. అక్కమహాదేవి గుహలు కూడా ఈ నీళ్ల దారిలోనే ఉన్నాయి. 12వ శతాబ్దపు కన్నడ వచన కవయిత్రి అక్కమహాదేవి మల్లికార్జునుణ్ణే భర్తగా తలచి ఇక్కడికి వచ్చి తపస్సు చేశారని చెబుతారు. గుహ లోపలికి వెళ్లాలంటే శ్రీశైలం నుంచి వేరే బోటు ఉంటుంది, కొంత నడక కూడా ఉంది. ఈసారి దాని జోలికి పోవద్దు. మీ పాప ఏడో తరగతి కాబట్టి ఒక పని అప్పగించండి: సోమశిల నుంచి శ్రీశైలం దాకా నది ఎన్ని మలుపులు తిరిగిందో పుస్తకంలో గీసుకుంటూ రమ్మనండి. ఫోన్ లేని ఆరు గంటలు గడిచిపోతాయి.

శ్రీశైలంలో లాంచీ ఎక్కడ ఆపుతారో టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. పాతాళగంగ రేవులో దింపితే పైకి వందల మెట్లున్నాయి. రోప్‌వే ఉంది గానీ సాయంత్రానికి ఆపేస్తారు, శనివారం లైను కూడా ఉంటుంది. మీ అత్తగారు కారులో వస్తున్నారు కాబట్టి ఆవిడ ఆ మెట్ల దగ్గరికే రావాల్సిన పని లేదు. లాంచీలో వచ్చి ఉంటే ఆ మోకాళ్లతో సాయంత్రం వేళ ఏం చేసేవారో! ఈ ఒక్క కారణం చాలు, మీవారికి నచ్చజెప్పడానికి.

శనివారం రాత్రి దర్శనానికి తొందరపడవద్దు. తిని పడుకోండి. దేవస్థానం సత్రాల్లో గది, ఆదివారం తెల్లవారుజాము దర్శనం టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. కార్తీకం వెళ్లిపోయాక వెళ్తున్నారు కాబట్టి ఆ నెలంత రద్దీ ఉండదు, అయినా ఆదివారం ఆదివారమే. స్పర్శ దర్శనం దొరికితే మగవాళ్లకు పంచె, ఆడవాళ్లకు చీర లేదా చున్నీతో చుడీదార్ ఉండాలి, బ్యాగులో పెట్టుకోండి. అత్తగారికి అది దొరికేలా చూడండి, తోసుకుంటూ దూరం నుంచి చూసి రావడం కన్నా ఒక గంట ఎక్కువ ఆగినా మంచిదే. భ్రమరాంబ అమ్మవారి గుడి అదే ప్రాంగణంలో వెనుక వైపు కొంచెం ఎత్తులో ఉంటుంది, మెట్ల దగ్గర ఆవిడ చెయ్యి పట్టుకోండి.

దర్శనం అయ్యాక శిఖరేశ్వరం, సాక్షి గణపతి, పాలధార పంచధార అని జాబితా పెట్టుకుని పరుగెత్తవద్దు. పిల్లలకు చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం చూపించండి. ఈ కొండల్లో చెంచులు ఎప్పటినుంచో ఉన్నారు, మల్లికార్జునుణ్ణి చెంచు మల్లయ్య అని తమవాడిగా పిలుచుకుంటారు. అది తెలిసి అడవి దాటితే పిల్లలకు ఆ అడవి ఎవరిదో తెలుస్తుంది. పదకొండు, పన్నెండు గంటలకల్లా శ్రీశైలం నుంచి బయలుదేరితే దారిలో ఒక్కచోట ఆగే వీలుంటుంది. ఆ ఒక్కటి ఫరహాబాద్ చేయండి. అటవీ శాఖ వాళ్ల బండ్లలో సఫారీ ఉంటుంది, వ్యూ పాయింట్ నుంచి నల్లమల బాగా కనిపిస్తుంది, మీ అత్తగారు బండిలో కూర్చునే చూడవచ్చు. పులి కనిపిస్తుందని పిల్లలకు ఆశ పెట్టవద్దు. కనిపించేది దుప్పులు, నెమళ్లు, ఎలుగుబంటి గీకిన చెట్లు. మల్లెలతీర్థం జలపాతం పేరు చాలామంది చెబుతారు, కానీ కిందికి వందల మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఈసారి వదిలేయండి.

అడవి దారిలో రెండు విషయాలు మాత్రం గట్టిగా పాటించండి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు తీసుకెళ్లవద్దు, చెక్‌పోస్ట్‌లో చూస్తారు కూడా. రెండోది, కోతులకు ఏమీ పెట్టవద్దు. అరటిపండు పుణ్యం అని కారు ఆపి విసిరేవాళ్ల వల్లే అవి అడవి లోపలికి పోకుండా రోడ్డు మీదే కూర్చుని బండ్ల కింద పడుతున్నాయి. మీ బాబు చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంటే అద్దాలు ఎత్తి ఉంచండి.

ఒకవేళ శనివారం పొద్దున రేవుకు వెళ్లాక గాలి వల్లో, నీళ్లు తగ్గడం వల్లో లాంచీ రద్దు అయిందంటే కంగారు పడవద్దు. అందరూ అదే కారులో లింగాల, అచ్చంపేట దారి పట్టండి. మధ్యాహ్నానికి శ్రీశైలంలో ఉంటారు, మిగతా ప్లాన్ ఏమీ మారదు. కారు మీతో ఉండడం వల్ల ఇదొక లాభం.

ఇప్పుడు సంగమేశ్వరం మాట. ఎండలు ముదిరాక, ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో, ఇంకొకసారి సోమశిల వెళ్లండి. ఈసారి మీ అత్తగారి కోసమే. నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరుడి గుడి ఒక్కటే కాదు, మునిగిన ఊళ్ల చోట్లు కూడా కొన్ని బయటపడతాయి. తేలిన నేలలో నాలుగు గింజలు పండించుకునేవాళ్లు, పాత గుడి గట్టు దగ్గర దీపం పెట్టి వచ్చేవాళ్లు ఉన్నారు. మీ అత్తగారి ఊరి చోటు అలా తేలుతుందా, ఏ మట్టానికి తేలుతుంది అన్నది ఆ ఊరి నుంచి కొల్లాపూర్‌లోనో చుట్టుపక్కల పునరావాస కాలనీల్లోనో స్థిరపడ్డవాళ్లకు బాగా తెలుస్తుంది. ఆవిడ తరఫు చుట్టాల ఫోన్ నంబర్లు ఆవిడ దగ్గరే ఉంటాయి. డిసెంబరులో వెళ్లినప్పుడే వాళ్లను ఒకసారి కలిసి అడిగి పెట్టుకోండి.

ఇల్లు దొరుకుతుందని మాత్రం ఆవిడకు మాట ఇవ్వవద్దు. కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు 215 టీఎంసీల దగ్గరే ఉంది, మిగతా చోటంతా పూడిక నింపేసింది. నలభై ఏళ్లకు పైగా పేరుకున్న ఒండ్రు కింద గోడలు, బావులు ఏమయ్యాయో చెప్పలేం. గుర్తు పట్టడానికి కొండ వాలు ఉంటుంది, ఏరు ఎటు పోయేదో తెలుస్తుంది. అంతవరకే అనుకుని వెళ్లండి.

బయలుదేరే ముందు వారం రోజులు పత్రికలో వచ్చే శ్రీశైలం నీటిమట్టం చూస్తూ ఉండండి. మట్టం దిగువకు వెళ్లాక, ఆ ఊరి చుట్టాల్లో ఒకరిని తోడు తీసుకుని, ఎండ ఎక్కకముందే తొమ్మిదిలోగా చూసి వచ్చేయండి. పైకి గట్టిగా కనిపించే ఒండ్రు మట్టి లోపల మెత్తగా ఉంటుంది, కాలు దిగబడుతుంది. పిల్లల్ని ముందు పరుగెత్తనివ్వవద్దు. అత్తగారి కోసం ఒక మడత కుర్చీ, మంచినీళ్లు, గొడుగు కారులో పెట్టుకోండి.